వయసుల పుస్తకం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ముత్తాతగారి పేరేమిటని అడిగితే మన ఇళ్ళలో ఎవరో ఒకరు చెప్పగలరు. అదే మీ అమ్మమ్మకు అమ్మ ఏ ఇంటి ఆడపడుచు, ఏ ఊరి పిల్ల అని అడగండి. చాలామంది తడుముకుంటారు. ఇది మన ఒక్క దేశపు సంగతే కాదు. అమెరికాలో ఎంతో పేరున్న కుటుంబంలో పుట్టిన ఒక స్త్రీ గురించి ఈ రోజు చెబుతాను.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మనమందరం చిన్ననాటి పాఠాల్లో చదువుకున్నదే. మెరుపులో ఉన్నది విద్యుచ్ఛక్తేనని చూపించినవాడు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు. ఆయన తండ్రి బోస్టన్ నగరంలో సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్ముకునేవాడు. ఇద్దరు భార్యలకూ కలిపి పదిహేడుగురు సంతానం. కొడుకుల్లో కడపటివాడు బెంజమిన్, 1706లో పుట్టాడు. అందరిలోకీ కడగొట్టు పిల్ల జేన్, 1712లో పుట్టింది. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఎంతో ప్రేమ.

ఫ్రాంక్లిన్‌కు తన వంశం సంగతి తెలుసుకోవాలని సరదా. లండన్‌లో ఉండగా 1758లో కొడుకును వెంటబెట్టుకుని తాతతండ్రుల గ్రామం ఎక్టన్ వెళ్ళాడు. చర్చి రిజిస్టరు తిరగవేయించాడు. కబుర్ల పోగయిన చర్చి గురువుగారి భార్య వాళ్ళకు పూర్వుల ముచ్చట్లు చెప్పి, సమాధుల దగ్గరకు తీసుకువెళ్ళింది. రాళ్ళ నిండా నాచు! ఆవిడ గట్టి బ్రష్షూ, నీళ్ళూ తెప్పించింది. ఫ్రాంక్లిన్‌కు బానిసగా ఉన్న పీటర్ రాళ్ళు తోమాడు, కొడుకు అక్షరాలు రాసుకున్నాడు. అయిదు తరాలుగా తాను కడసారి కొడుకుకు కడసారి కొడుకునని అలా తేలింది. వంశం సంగతి ఆయన స్వీయచరిత్ర మొదట్లోనే ఉంది. కాని ఆ పుస్తకంలో జేన్ పేరు మాత్రం ఎక్కడా లేదు!

మరి జేన్ చరిత్ర ఎలా తెలిసింది? ఆవిడే రాసిపెట్టుకుంది గనుక.

ఆ కాలంలో ఆడపిల్లలకు చదవడం నేర్పితే చాలనుకునేవారు. రాత చాలామందికి రాదు. జేన్ ఎలాగో నేర్చుకుంది. పదిహేనేళ్ళకే, 1727లో, జీనులు కుట్టే ఎడ్వర్డ్ మీకమ్‌తో పెళ్ళయింది. ఆ ఏడే అన్నగారు బహుమతి పంపుతూ, మొదట టీ బల్ల అనుకున్నాననీ, మంచి ఇల్లాలనిపించుకోవడమే మేలు గనుక రాట్నం పంపుతున్నాననీ రాశాడు. భర్తకు అప్పులే గాని సంపాదన అంతంతమాత్రం. జేన్ సబ్బు కాచింది, టోపీలు కుట్టించింది, ఇంట్లో మనుషులను పెట్టుకుని భోజనాలు పెట్టింది.

కాగితాలు మడిచి తన చేత్తోనే దారంతో కుట్టి చిన్న పుస్తకం చేసుకుంది. దానికి 'వయసుల పుస్తకం' అని పేరు పెట్టింది. అందులో తన పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఆపైన ఒక్కొక్క బిడ్డ పుట్టుక. మొదటి బిడ్డ 1729లో పుట్టి, ఏడాది నిండకుండానే పోయాడు. పన్నెండుగురిని కంటే పదకొండుగురు ఆవిడ కళ్ళ ముందే పోయారు. ఇద్దరు కొడుకులకు మతి చలించింది. పుస్తకంలో ఏడుపులేమీ లేవు. తారీకులు, పేర్లు, అక్కడక్కడ దైవాన్ని తలుచుకోవడం, అంతే. తల్లులమైన మనకు ఆ తారీకులు చాలవూ!

అన్నగారి ఉత్తరాలు ఆవిడ ప్రాణంలా దాచుకుంది. ఆయన అందరికంటే ఎక్కువ ఉత్తరాలు రాసింది ఈ చెల్లెలికే. ఆవిడ తొలి రోజుల్లో రాసినవి మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఫ్రాంక్లిన్ 1790లో కన్నుమూస్తూ బోస్టన్ ఇల్లు ఆవిడ పేర రాశాడు. ఆవిడ 1794లో పోయింది. ఆ ఇల్లు 1939లో కొట్టేశారు. పక్కనున్న మరో స్మారకం బాగా కనిపించాలనట!

ఇల్లు పోయింది గాని చేత్తో కుట్టిన పుస్తకం మిగిలింది. బోస్టన్‌లో వంశచరిత్రలు భద్రపరిచే సంఘంవారు దాన్ని కాపాడుతున్నారు. దాన్నీ, ఉత్తరాలనూ ఆధారం చేసుకుని 1950లో కార్ల్ వాన్ డోరెన్, 2013లో జిల్ లెపోర్ ఆమె జీవితచరిత్రలు రాశారు.

పెళ్ళితో ఆడదాని ఇంటిపేరు మారుతుంది. పాతకాలపు ఆస్తి కాగితాల్లో చాలావరకు ఆవిడ పేరుండేది కాదు. అందుకే వెతికేవాళ్ళకు దారి తెగిపోతుంది. దారి తెగకుండా చూడడం మన చేతుల్లోనే ఉంది. పాలవాడి లెక్క రాసే నోటు పుస్తకంలో నాలుగు పేజీలు విడిగా పెట్టుకోండి. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ తల్లి పేర్లు, పుట్టినింటి పేర్లు, ఊళ్ళు రాయండి. పుట్టి పోయిన పసివాళ్ళనూ మరవకండి. పాత ఫోటోల వెనక ఎవరు ఎవరో పెన్సిలుతో రాయండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ వారమే కూర్చోబెట్టుకుని అడగండి. అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు, స్పెల్లింగు రాదని జేన్ కూడా నొచ్చుకుంటూనే రాసింది.