వరద తీసిన తరువాత పాల సంఘం చేయవలసిన పని

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వరద నష్టం అంచనా వేయడం, సహాయం పంచడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము పశువైద్యులము కాము, ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా పుచ్చుకొని, ముప్పయి ఏళ్లుగా సంఘాల పుస్తకాలు తిరగవేస్తున్నవాళ్లము. కనుక వరద సంగతి కూడా మేము పుస్తకం పట్టుకొనే చెబుతాము. అందులో మేము చేసిన ఒక తప్పు కూడా ఉన్నది. దాచకుండా చెబుతాము.

వరద మనకు కొత్త చుట్టం కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో పదివేలమందికి పైగా మనుషులను పొట్టన పెట్టుకొన్నది. అప్పుడు పోయిన గొడ్డూ గోదా అంతకు ఎన్నో రెట్లు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు చూశాము. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణం మునిగింది, ఆ నీరే దిగువకు వచ్చి కృష్ణ లంకలను ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సగం నీళ్లలో ఉండిపోయింది, ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. నది ఏదైనా, సంవత్సరం ఏదైనా, నీరు తీసిన మర్నాడు ఊళ్లో వినిపించే ప్రశ్న ఒక్కటే: "మా పేరు రాశారా?"

ఆ పేరు రాయడం ప్రభుత్వ సిబ్బంది పని. రెవెన్యూవారు, పశువైద్య సిబ్బంది వచ్చి రాస్తారు. కాని వాళ్లకు పది ఊళ్లు, రెండు రోజుల గడువు. ఎవరింట్లో ఎన్ని గేదెలు ఉన్నవో వాళ్లకు తెలియదు. మీకు తెలుసు. ఉదయం, సాయంత్రం క్యాను దగ్గర నిలబడే మీ కార్యదర్శికి తెలిసినంత ఊళ్లో మరెవరికీ తెలియదు. అందుచేత వాళ్లు వచ్చేలోగా సంఘం తన జాబితా తాను తయారుచేసి పెట్టుకోవాలి.

జాబితాకు ఎంత విలువ ఉన్నదో చూడండి. 2022-23 నుండి 2025-26 వరకు విపత్తు సహాయ నిధికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన లెక్క ప్రకారం పాడి గేదెకు గాని ఆవుకు గాని 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు లేక మేకకు 4,000. పాడి పశువులైతే ఇంటికి మూడింటి వరకే. రాష్ట్ర ప్రభుత్వాలు దీనిపైన కలిపి ఇచ్చిన సందర్భాలూ ఉన్నవి. వరద వచ్చిన ఏటికి వర్తించే లెక్క ఏమిటో తహసీల్దారు కార్యాలయంలో అడిగి, సంఘం గోడమీద సుద్దతో రాయించండి. ఆ గోడ చదివితే ఒక్కమాట ఖరీదు తెలుస్తుంది. నేడో రేపో ఈనబోయే చూడిపడ్డను తొందరలో "దూడ" అని రాస్తే, ఆ ఒక్క మాటకు పేదవాడు పోగొట్టుకొనేది పదిహేడున్నర వేలు.

ఇక మా తప్పు సంగతి.

2009 వరద తీసిన తరువాత మమ్మల్ని ఒక లంక గ్రామానికి లెక్కల సహాయానికి పంపారు. ఊరినిండా బురద, వాముల స్థానంలో నల్లటి కుప్పలు, పాకల్లో గుంజలు మాత్రమే నిలబడి ఉన్నవి. ఆ గుంజలకు ఇంకా పలుపులు ఉన్నవి. కట్టివేసిన గొడ్లు కట్టివేసినచోటే పోయినవి. పలుపు విప్పినవి కొన్ని ఈదుకొని కరకట్ట ఎక్కినవి.

సంఘం కార్యదర్శి తెలివైనవాడు. ఇల్లు మునుగుతున్నా పాల పుస్తకాలు గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టి పోయాడు. ఆ పుస్తకాలు చూసి మాకు ప్రాణం లేచివచ్చింది. గడచిన నెల ఎవరు ఎన్ని పాలు పోశారో అన్నీ అందులో ఉన్నవి. ఆ లెక్క పట్టుకొని పోయిన పాడి పశువుల జాబితా ఒక్కరోజులో పూర్తిచేశాము. పాలు పోయనివారు కొందరు గేదెలు పోయినవని వచ్చారు. పుస్తకంలో లేదు గనుక కుదరదన్నాము. దొంగపేర్లు ఆపామని కాస్త గర్వం కూడా పడ్డాము. జాబితా మండలానికి పోయింది.

మూడవ నాడు ఒక ఆడమనిషి వచ్చింది. కూలిపని చేసుకొనే కుటుంబం, భర్త లేడు. ఆమెకున్నది ఒక్క గేదె. ఎనిమిది నెలల చూడిది, వట్టిపోయి రెండు నెలలు దాటింది. కనుక పాల పుస్తకంలో గడచిన నెల ఆమె సభ్యత్వ నంబరు ఎదురుగా ఖాళీ. ఆమె మా మీద కేకలు వేయలేదు. "అయ్యా, పాలిస్తేనే గేదెనా? వట్టిపోతే గేదె కాదా?" అని అడిగింది.

మాకు నోట మాట రాలేదు. పాత నెలల పుస్తకం ఒక్కటి తిప్పితే ఆమె పోసిన పాలు కనబడేవి. మేము తిప్పలేదు. వెంటనే అనుబంధ జాబితా రాసి పంపాము. గడువు దాటిందని అది వెనక్కి వచ్చింది. మళ్లీ పంపాము, మళ్లీ వచ్చింది. మరుసటి ఏడు ఆడిట్‌కు ఆ ఊరు వెళ్లినప్పుడు పుస్తకంలో ఆమె నంబరు వెతికాము. ఖాళీగానే ఉన్నది. గేదె కొనుక్కోలేక కూలికే పోతున్నదని చెప్పారు. సభ్యత్వం ఉన్నది, పాలు లేవు. ఆ ఖాళీ గడి ఈనాటికీ మా కళ్లముందు నుండి పోలేదు.

ఆ తప్పు నుండి మేము నేర్చుకొన్నది మీకు చెప్పడానికే ఈ ప్రసంగం. పాల పుస్తకం మంచి సాక్షి. కాని అది పాలిచ్చే గేదెను మాత్రమే చూస్తుంది. వట్టిపోయినదాన్ని, చూడిపడ్డను, సగపాలుకు పెంచుకొంటున్నదాన్ని అది చూడదు. ఆ గేదెలు ఎక్కువగా ఎవరింట్లో ఉంటవి? ఒక్క గేదె ఉన్న ఇంట్లో. పది గేదెలున్న రైతు ఇంట్లో ఒకటి వట్టిపోయినా మిగిలినవి పాలు పోస్తూనే ఉంటవి, ఆయన పేరు పుస్తకంలో ఉంటుంది. ఒక్క గేదె ఇల్లే జారిపోతుంది.

అందుచేత జాబితా రాసే పద్ధతి ఇలా పెట్టుకోండి.

మొదటిది, పాల పుస్తకం ఒక్క నెల కాదు, వెనుక పదునాలుగు నెలలు చూడండి. గేదె వట్టిపోయి ఉండే కాలం మామూలుగా అందులో ఇముడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పాలు పోసిన ఇల్లు కనబడకపోదు.

రెండవది, సాక్ష్యాలు కలపండి. పశువు చెవికి వేసిన పన్నెండు అంకెల పోగు, టీకాల నమోదు, ఎద పొర్లినప్పుడు సూది వేయించిన నమోదు పశువైద్యశాలలో ఉంటవి. కళేబరం కొట్టుకొనిపోతే "పశువేది చూపించు" అంటారు. అప్పుడు ఈ కాగితాలు, ఇరుగుపొరుగు వాంగ్మూలం, పంచనామా కలిసి పశువుకు బదులు నిలబడవలెను. కళేబరం దొరికితే పూడ్చకముందే చెవిపోగు కనబడేలా ఫొటో తీయండి. భీమా ఉంటే కంపెనీకి ఆనాడే తెలియపరచి, పశువైద్యాధికారి ధ్రువపత్రం తీసుకోండి. చెవిపోగు లేనిదే భీమా సొమ్ము రావడం కష్టం.

మూడవది, సగపాలు గేదె విషయంలో సొంతదారు పేరూ, మేపుతున్నవారి పేరూ రెండూ రాయండి. సొంతదారు పట్నంలో ఉండి సొమ్ము తీసుకొంటే, రెండేళ్లు కుడితి పెట్టి సాకిన మనిషి చేతులు దులుపుకొని పోవలసి వస్తుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్దల సమక్షంలో పంపకం ముందే తేల్చి కాగితం రాయించండి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. జాబితాను మహాజన సభలో బిగ్గరగా చదవండి. సభకు రాలేని పేటలకు వెళ్లి అక్కడ కూడా చదవండి. చదివిన తరువాత "ఎవరి పేరు ఉన్నది" అని కాదు, "ఎవరి పేరు లేదు" అని అడగండి. దొంగపేరు ఊరందరిముందు నిలవదు, మరచిపోయిన పేరు మాత్రం బయటికి వస్తుంది.

ఇక సహాయం పంచే సంగతి. వరద తరువాత వచ్చే మొదటి గడ్డి లారీ ఎక్కడ ఆగుతుంది? తారురోడ్డుమీద. ఎవరికి అందుతుంది? రోడ్డు పక్కవారికి, మోసుకొనే మగవాళ్లున్నవారికి. చివరి పేటలో మోపు కూడా మిగలదు. దీనికి మందు చీటీలు. ముందురోజు సాయంత్రమే బతికి ఉన్న పశువుల తలలు లెక్కించి ఇంటింటికీ చీటీ ఇవ్వండి. పెద్ద పశువుకు ప్రాణం నిలుపుకోవడానికి రోజుకు అయిదు కిలోల ఎండుగడ్డి అనుకొంటే, వంద పశువులకు అరటన్ను. ఈ లెక్క చేతిలో ఉంటే ఎంత పంపాలో సమాఖ్యవారికి చెప్పగలరు. పంపిణీని చివరి పేట నుండి మొదలుపెట్టండి.

మన దగ్గర మరొకరి దగ్గర లేని సాధనం ఉన్నది. పాల బండి. అది ఊళ్లోకి వచ్చేటప్పుడు ఖాళీ క్యాన్లతో వస్తుంది. దారి పడిన మొదటిరోజు నుండి ఆ బండిలోనే దాణా, బ్లీచింగ్ పొడి, సున్నం, మందులు వేయించండి. సేకరణ ఒక్క క్యానుకు తగ్గినా బండి మాన్పించకండి. బండి వస్తున్నంత కాలం ఊరికి దిక్కున్నట్లే.

ఇంకొక మాట. ఎవరి దగ్గరా చేయి చాచకముందు, సభ్యులకు మనం బాకీ ఉన్న పాల బిల్లు చెల్లించండి. అది దానం కాదు, వాళ్ల కష్టార్జితం. బియ్యం తడిసిపోయిన ఇంట్లో ఆ నాలుగు వందలో, ఎనిమిది వందలో ఆనాడు ఎంతో పెద్ద మొత్తం. పాలు పోసిన ఇల్లాలి చేతికే ఇవ్వండి.

బతికిన పశువును కాపాడుకోవడం కూడా సహాయమే. ఆకలిమీద ఉన్న గేదెకు మిగిలిపోయిన అన్నం, నానిన బియ్యం, వడ్లు కుండలకొద్దీ పెట్టకండి. కడుపు పులిసి ప్రాణంమీదికి వస్తుంది. వరదను తప్పించుకొన్న గేదె అన్నంతో పోయిన ఇళ్లు మేము చూశాము. బూజు పట్టిన గడ్డి పెట్టవద్దు, కొంచెం కొంచెంగా మంచి మేత అలవాటు చేయండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. కళేబరాలను బావులకు, చెరువులకు దూరంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఊపిరి ఉన్నదానికి వైద్యం కావాలంటే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ తరగతి నుండి వెళ్లిన వారంలోగా మూడు పనులు చేయండి. ఒకటి, ఏటా వానలకు ముందు ఇంటింటికీ తిరిగి పశువుల పట్టిక రాయండి. పాలిచ్చేవి, వట్టిపోయినవి, చూడివి, పడ్డలు, దూడలు, సగపాలువి, అన్నీ వేరువేరు గడులలో. రెండు, ఆ పట్టిక నకలు ఒకటి ఊరిబయట మెరకమీద ఉన్నవారి ఇంట్లోగాని, సమాఖ్య కార్యాలయంలోగాని పెట్టండి. ఫోనుల్లో ఫొటోలు తీసి నలుగురి దగ్గర ఉంచండి. మూడు, నీరు వస్తున్నదని దండోరా వినగానే ముందు పలుపులు విప్పాలని, విప్పలేకపోతే కోయాలని ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. విప్పిన గేదెకు ఈదే అవకాశం ఉన్నది, కట్టిన గేదెకు ఆ అవకాశం కూడా లేదు.

ఆనాడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు ఏ సంఘం ఆడిట్‌కు వెళ్లినా, నగదు పుస్తకం కంటె ముందు పశువుల పట్టిక అడుగుతున్నాము. ఈసారి మీ ఊరు వచ్చినప్పుడు కూడా అదే అడుగుతాము. వట్టిపోయిన గేదెల గడి నిండి ఉంటే, ఆ సంఘం సగం వరదను ముందుగానే దాటినట్లు లెక్క.