పెన్‌గంగ అవతలి కవి

ఆదిలాబాద్ బజారులో తెలుగు పక్కనే మరాఠీ వినిపిస్తుంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర, అదే రోడ్డు పట్టుకుని పోతే నాగ్‌పూర్. రామచంద్ర సిరాస్ చదువుకున్నది ఆ నాగ్‌పూర్‌లోనే. తర్వాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడయ్యాడు, కవితలు రాశాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు.

2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో ఆయన ఇంట్లోకి చొరబడ్డారు. తప్పు వాళ్లది, సస్పెన్షన్ మాత్రం ఆయనకు! ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఏప్రిల్ 7న తన గదిలో శవమై కనిపించాడు.

ఈ కథనే హన్సల్ మెహతా 'అలీగఢ్' సినిమాగా తీశాడు. 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. సిరాస్‌గా మనోజ్ బాజ్‌పాయీ, ఆయన్ను కలిసే విలేకరిగా రాజ్‌కుమార్ రావ్ నటించారు.

అందులో ఒక దృశ్యం మరచిపోలేం. రాత్రి, ఒంటరి గది. చేతిలో గ్లాసు, టేప్‌లో లతా మంగేష్కర్ పాట. ముసలాయన కళ్లు మూసుకుని, పాటతో పాటు సన్నగా గొంతు కలుపుతాడు. కెమెరా ఆ ముఖం మీదే నిలిచిపోతుంది. వార్తల్లో కేసుగా మిగిలిన మనిషి ఇక్కడ పాటను ప్రేమించే పొరుగింటి పెద్దాయనలా కనిపిస్తాడు.

స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. అప్పటికి సిరాస్ పోయి ఎనిమిదేళ్లు.