జ్వరం ఒంట్లో మందు లెక్క



చింతపల్లి, కొయ్యూరు, జీకే వీధి వైపు నుంచి చలిజ్వరంతో ఘాట్ దిగే మనుషులు నర్సీపట్నం ఆస్పత్రికే వస్తారు. ఈ రోజు పట్టా అందుకుంటున్న ఫార్మసీ, నర్సింగ్ విద్యార్థులారా, మీలో చాలామంది పట్టుకోబోయేది వాళ్ల చేతులే. అందుకే జ్వరంలో వాళ్ల కాలేయం మందులను ఏం చేస్తుందో మాట్లాడతాను.

కొత్త మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందో సాధారణంగా ముందుగా ఆరోగ్యవంతుల్లో కొలుస్తారు. జ్వరంలో ఆ లెక్క మారిపోతుంది. సూక్ష్మజీవులతో పోరాడే కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు పంపుతాయి. కాలేయం వాటిని అందుకుని సీఆర్‌పీ వంటి ప్రొటీన్లను దండిగా తయారుచేస్తుంది, మందులను విరగ్గొట్టే సైటోక్రోమ్ పీ450 ఎంజైములను తగ్గించేస్తుంది. మాత్ర మారదు, మోతాదు మారదు, కొన్ని మందులు మాత్రం రక్తంలో పేరుకుంటాయి.

ముదిరిన మలేరియాలో క్వినైన్ విషయంలో జరిగేది ఇదే. అయితే అదే జబ్బులో పెరిగే ఒక రక్త ప్రొటీన్ క్వినైన్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి, పెరిగినదంతా స్వేచ్ఛగా తిరిగి హాని చేయదు. ఇప్పుడు ముదిరిన మలేరియాకు ముందు ఇచ్చేది ఆర్టిసునేట్. క్వినైనే ఇవ్వాల్సివచ్చి, కిడ్నీలు దెబ్బతిని ఉంటే, 48 గంటల తర్వాత మోతాదును మూడో వంతు తగ్గిస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఆయాసం మాత్ర. 1980లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఫ్లూ వ్యాపించినప్పుడు, థియోఫిలిన్ వాడుతున్న ఉబ్బసం పిల్లల్లో కొందరికి ఆ మందు విషమయ్యే స్థాయికి చేరింది. మన డెరిఫిలిన్‌లోనూ థియోఫిలిన్ ఉంటుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పొగాకు పొగ ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును పెంచుతుంది. చుట్టతో అడ్డపొగ తాగే అవ్వ ఏళ్లుగా ఆ మాత్రకు అలవాటుపడి ఉంటుంది. జ్వరమొచ్చి మంచం పట్టగానే చుట్ట మానేస్తుంది. జ్వరమూ, చుట్ట మానడమూ రెండూ కలిసి మందును రక్తంలో నిలిపేస్తాయి. వాంతులు, గుండెదడ, చేతుల వణుకు, ముదిరితే ఫిట్స్. ఇంట్లోవాళ్లు అదంతా జ్వరమే అనుకుంటారు. మీరు అలా అనుకోకూడదు.

మందు మీరే ఆపేయమనడం లేదు. అడగమంటున్నాను. కేస్ షీట్‌లో మందు పేరు పక్కనే జ్వరం ఎప్పుడు మొదలైందో, చుట్ట ఎప్పుడు మానారో రాసి డాక్టరుకు చూపండి. జ్వరం తగ్గాక కాలేయం మళ్లీ పనిలో పడుతుంది, డాక్టరు మోతాదు తగ్గించి ఉంటే అప్పుడు అది చాలకపోవచ్చు. ఆ రోజున కూడా డాక్టరుకు గుర్తుచేయాల్సింది మీరే.