గంట కొట్టేవాళ్ళు లేని చదువు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు నన్ను "విదేశాల్లో మన విజయాలు" గురించి మాట్లాడమన్నారు. దానికి నాకంటే తగినవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను వేరే సంగతి చెబుతాను. 38వ ఏట ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లలకి క్యారేజీలు కట్టుకుంటూ, బొమ్మలూ బట్టల పనీ కలిపి బి.ఏ. ఆనర్స్ మొదలుపెట్టాను. పూర్తి చెయ్యడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అది ఎలాంటి చదువు, మా అమ్మాయిని చేర్పించవచ్చా, తిండి పెడుతుందా అని చాలామంది ఫోన్లు చేసి అడుగుతున్నారు. జవాబు ఒక్కసారే అందరికీ చెప్పేస్తాను.

మన రోజుల్లో ప్రశ్న ఒక్కటే కదా, ఎం.పి.సి.నా, బై.పి.సి.నా అని. బొమ్మలు బాగా వేసేవాళ్ళు డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి మాస్టార్లయ్యేవారు. లేదంటే బజార్లో బోర్డులు రాసేవారు. బాపు గారంతటివారు చదివింది కూడా లా. నేను బి.కాం. చదివాను, పెళ్ళయింది, 1999లో ఇంగ్లండులోని లెస్టర్ వెళ్ళాం. అక్కడ ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది.

నేను చదివింది ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో. మనం టెన్త్ రాసిన 1987లోనే మైకేల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త దాన్ని పెట్టారు. ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన వెనక ఉన్నవాళ్ళలో ఆయన ఒకరు. "మెరిటోక్రసీ" అనే మాట వాడుకలోకి వచ్చింది ఆయన 1958 పుస్తకంతోనే. ఆయన రాసింది వెక్కిరింపుగా, లోకం తీసుకున్నది మెచ్చుకోలుగా! నేను చేరినప్పుడు ఆ కాలేజీలో మార్కులు అడగలేదు. బొమ్మ వెయ్యడం వచ్చా అని కూడా అడగలేదు. నాకు పట్టా ఇచ్చింది దాని వెనక ఉన్న యూనివర్సిటీ ఫర్ ది క్రియేటివ్ ఆర్ట్స్. 2023లో ఆ కాలేజీ ఓపెన్ యూనివర్సిటీలోకి వెళ్ళింది.

ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు కావాలి. అక్కడి లెక్కలో ఒక క్రెడిట్ అంటే పది గంటల పని, అంటే మొత్తం 3,600 గంటలు. రోజంతా చదివేవాళ్ళకి మూడేళ్ళు. నేను ఎనిమిదేళ్ళకి పంచుకుంటే వారానికి తొమ్మిది గంటలొచ్చింది. మంగళ, గురువారాలు రాత్రి రెండేసి గంటలు, శనివారం పొద్దున్న అయిదు. మా అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు ఆరు నెలలు ఆపి ఇక్కడికొచ్చాను. తిరిగెళ్ళి వదిలిన చోటే మొదలుపెట్టాను. డ్రాయింగ్, టెక్స్‌టైల్స్ రెండూ కలిపి తీసుకోనిచ్చారు. వెసులుబాటు అంటే ఇదీ.

దీనికో రెండో వైపుంది. గంట కొట్టేవాళ్ళుండరు. పని అందలేదేమని ఇంటికి కబురు పంపే మాస్టారుండరు. నాతో మొదలుపెట్టినవాళ్ళలో, నాకంటే ఎంతో బాగా వేసేవాళ్ళు, మధ్యలో కనిపించకుండా పోయారు. వాళ్ళకి లేనిది నేర్పు కాదు, మంగళవారం రాత్రి తొమ్మిది గంటలు. ఇంట్లో ఆ రెండు గంటలూ అమ్మని పిలవకూడదని ఒప్పందం. మా వారు మొదట నవ్వారు. రెండో ఏడు నుంచి గురువారం వంట ఆయనదే.

ఇక నా రోజుల్లో పాఠం ఎలా చెప్పేవారంటే, మనం చేసిన పని పోస్టులో పంపాల్సి వచ్చేది. ట్యూటరు చూసి ఉత్తరం రాసేవారు. మొదటి పార్సిల్లో చీర కుచ్చిళ్ళ బొమ్మలు, శుభ్రంగా, గీత కదలకుండా వేసి పంపాను. నలగకుండా మధ్యలో నా చిత్తు కాగితాలు పెట్టి చుట్టాను. ఆవిడ రెండు పేజీల ఉత్తరం రాశారు. అందులో ఒకటిన్నర పేజీ ఆ చిత్తు కాగితాల గురించే! ఈ గీత ఎందుకు కొట్టేశారు, ఇక్కడ ఆగి మళ్ళీ ఎందుకు మొదలుపెట్టారు, దీన్ని ఇంకా పెద్దది చేస్తే ఏమవుతుంది అని. అసలు బొమ్మల గురించి, బాగున్నాయి అని ఒక్క ముక్క. లెర్నింగ్ లాగ్ అని ఒక పుస్తకం ఉంచుకోవాల్సి వచ్చేది. ఏం చూశాం, ఏం ప్రయత్నించాం, ఎక్కడ కుదరలేదు, అన్నీ అందులో రాసేవాళ్ళం. అదీ మూల్యాంకనానికి వెళ్ళేది. నీటుగా ఉన్న నోట్సుకి మార్కులు వేయించుకుని పెరిగిన నాకు ఇది అలవాటవడానికి ఏడాది పైన పట్టింది.

చివరి సంవత్సరాల పనికి మన జిల్లాకే వచ్చాను. పొందూరు ఖద్దరు మనందరికీ తెలుసు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతారనీ తెలుసు. కానీ దువ్వే చేతిని ఎంతసేపు చూశాం మనం? రెండు వారాలు ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చుని చేతుల కదలికలు గీశాను. వెళ్ళాక వాటినే దారంతో బట్ట మీదికి తెచ్చాను. ఒకావిడ అడిగింది, "మేం సేసిన పనికి పట్టా నీకిస్తారేటమ్మా?" అని. అప్పుడూ జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. ఆ మాటని నా ఆఖరి వ్యాసంలో మొదటి వాక్యంగా పెట్టాను. కూర్చోబెట్టిన రోజులకి కూలి ఇచ్చాను, అది సరిపోయే జవాబు కాదు.

తిండి సంగతి. లెక్కల ఉద్యోగం మానలేదు, వారానికి మూడు రోజులకి తగ్గించుకున్నాను. రెండు రోజులు లైబ్రరీలో పెద్దవాళ్ళకి బొమ్మలూ కుట్టుపనీ నేర్పుతాను. మొత్తమ్మీద సంపాదన తగ్గింది. డబ్బు కోసమైతే ఈ దారి చెప్పను.

ఇక్కడి పిల్లలకి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. బి.ఎఫ్.ఏ. నాలుగేళ్ళు, రోజూ వెళ్ళి చదివేది. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి అదే మంచిదంటాను, పక్కన బొమ్మలు వేసేవాళ్ళుంటారు. 2020 విద్యా విధానంలో ఒక ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, మూడేళ్ళకి డిగ్రీ, నాలుగేళ్ళకి ఆనర్స్ అని, మధ్యలో ఆగి మళ్ళీ చేరవచ్చనీ, క్రెడిట్లు బ్యాంకులో దాచుకోవచ్చనీ ఉంది. మీరు చేరే కాలేజీలో, మీరు చేరే కోర్సులో అది నిజంగా ఉందా అని ఫీజు కట్టకముందే అడగండి. చిత్తుపనిని ఎవరు చూస్తారని కూడా అడగండి.

సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని తీర్మానం రాబోతోందని విన్నాను. మన డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. ఆయన గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలున్నాయి. ఆ గది ఖాళీ చేయించి, వారానికి రెండు రోజులు వచ్చే మాస్టారికి జీతం ఇద్దాం. మొదటి ఏడాది జీతం నాది. ఆర్చి కావాలన్నవాళ్ళు నామీద కోపగించుకున్నా సరే, ఇది తీర్మానంలో రాయించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

పొందూరు పని మూడు పెట్టెల్లో తెచ్చాను, ఎనిమిదో తరగతి ఏ సెక్షన్లో పెట్టారు. నా చిత్తు పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి. భోజనాలయ్యాక రండి. తాకి చూడవచ్చు, కాకపోతే పులిహోర చేతులు కడుక్కుని రండి.