విజ్ఞాన సర్వస్వంలో మన ఊరి పుట
(కొల్లాపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఊరి గురించి తెలుసుకోదలచిన మన పిల్లలు నేడు ముందుగా తెరిచేది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని జీతం ఆశించని సంపాదకులు రాస్తున్నారు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దాని బలమూ బలహీనతా అదే.

నాణ్యత గురించి ఆ సంపాదకుల మధ్య ఏళ్లుగా చర్చలు సాగుతున్నాయి. 2010 ప్రాంతంలో గూగుల్ సంస్థ చేపట్టిన అనువాద పథకం వలన వందలాది ఆంగ్ల వ్యాసాలు తెలుగులోకి వచ్చాయి. అక్షరాలు తెలుగువే గాని వాక్యాలు తెలుగువి కావు. దిద్దుదామని కొందరు, తొలగిద్దామని కొందరు వాదించారు. గ్రామాల వ్యాసాలది మరొక సమస్య. వేలాది గ్రామాలకు 2011 జనగణన అంకెలతో ఒకే మూసలో పుటలు తయారైనాయి. జనాభా, బడి, బస్సు, సాగునీరు ఉంటాయి; ఊరి చరిత్ర చాలాచోట్ల ఉండదు. 2016 అక్టోబరు 11న మన కొల్లాపూర్ మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఇటువంటి మార్పులను ప్రతి ఊరి పుటలోనూ ఎవరో ఒకరు పూనుకొని దిద్దవలసిందే.

ఇందులో మనకేమి పని అని అడుగవచ్చు. దర్గా, ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్, హిందువులూ ముస్లింలూ కలిసి జరుపుకొనే పీర్ల పండుగ, ఇవేవీ జనగణన పట్టికలలో కనబడవు. పుటలో లేనిది ఊరిలోనే లేదని రేపటి తరం భావిస్తుంది. ఆ ఖాళీని ఎవరైనా ద్వేషంతో నింపితే, దానినే నిజమని నమ్ముతుంది.

అయితే ఆవేశంతో రాసినది అక్కడ నిలువదు. మనవారిని పొగిడినా, ఇతరులను నిందించినా తొలగిస్తారు, అది న్యాయమే. తాతలు చెప్పారంటే చాలదు, అచ్చయిన ఆధారం కావాలి. వక్ఫ్ గెజిట్ ప్రకటనలు, జిల్లా గెజిటీర్లు, పరిశోధన గ్రంథాలు, పత్రికా వార్తలు మనకు పనికివస్తాయి. పెద్దల నోట నిలిచిన చరిత్ర ముందుగా పత్రికలలో, పుస్తకాలలో అచ్చు కావాలి. ఆ పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.

కచేరీ నోట్‌ఫైలులో ఎవరు ఏ తేదీన ఏమి రాశారో తెలిసినట్లే, ప్రతి వ్యాసానికీ మార్పుల చరిత్ర ఉంటుంది. పక్కనే చర్చ పుట ఉంటుంది. మన వాక్యం తొలగిస్తే కోపంతో మళ్లీ ఎక్కించవద్దు. చర్చ పుటలో కారణం అడగండి, ఆధారం చూపండి, మర్యాద తప్పకండి.

ఒక హెచ్చరిక. ఖబరస్తాన్ హద్దుల తగాదాలో వికీపీడియా సాక్ష్యంగా చాలదు. దానికి రెవెన్యూ రికార్డులూ వక్ఫ్ బోర్డు కాగితాలే దిక్కు.

ప్రతి ఊరిలో చదువుకున్న ఇద్దరు, మన అమ్మాయిలతో సహా, తమ ఊరి పుట తెరవాలి. జిల్లా పేరు సరిగా ఉందా, అంకెలు ఏ సంవత్సరానివి, ఆధారం ఎక్కడ? ఈ మూడు ప్రశ్నలతో పని మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.