డిమ్మర్ కొనే ముందు బోర్డు లోపల చూడండి

ఈ మధ్య ఏ ఎలక్ట్రికల్ షాపులో చూసినా స్మార్ట్ డిమ్మర్లు కనిపిస్తున్నాయి. పలక మీద వేలు ఆనిస్తే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. ఫోన్‌తో చెప్పినా వింటుంది. కొనుక్కున్నవాళ్ళు నన్ను ముందుగా అడిగేది యాప్ ఎలా పెట్టుకోవాలని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. డిమ్మర్ సరిగ్గా పనిచేస్తుందా లేదా అన్నది స్విచ్ బోర్డు లోపలి వైర్ల దగ్గర, పైన హోల్డర్‌లో ఉన్న బల్బు దగ్గర తేలిపోతుంది. ఇవాళ ఎక్కువసేపు ఆ రెండింటి గురించే మాట్లాడతాను.

అసలు అది వెలుగునెలా తగ్గిస్తుంది? మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. సెకనుకి 50 సార్లు అది ఇటు పారి, అటు పారుతుంది. అంటే సెకనులో 100 సగాలు. డిమ్మర్ ప్రతి సగంలోనూ కొంత కోసేసి, మిగిలింది బల్బుకి వదులుతుంది. సగం మొదట్లో కోసేదాన్ని లీడింగ్ ఎడ్జ్ అంటారు, దానిలో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. చివర్లో కోసేది ట్రెయిలింగ్ ఎడ్జ్, దానిలో మాస్‌ఫెట్లు అనే మరో రకం స్విచ్‌లు ఉంటాయి. పూర్వం నాటకశాలల్లో ఈ పనికి పెద్ద పెద్ద రెసిస్టెన్సులు పెట్టేవారు. అవి కాలిపోయేంత వేడెక్కేవి. ఇంటి గోడలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ని 1959లో న్యూయార్క్‌లో జోయెల్ స్పైరా తయారుచేశాడు. 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టి అమ్మకానికి తెచ్చాడు. ఆయన కాలంలో ఇంట్లో బల్బంటే ఎక్కువగా ఫిలమెంటు బల్బే. ఆ తీగకి కరెంటు ఎంత ఇస్తే అంత వేడి, అంత వెలుగు. కోసి ఇచ్చినా పేచీ లేదు.

ఎల్‌ఈడీ అలా కాదు. 2015 జనవరిలో చవకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం మొదలైన తర్వాత మన ఇళ్ళలో ఫిలమెంటు బల్బులు చాలావరకు పోయి, ఎల్‌ఈడీలు వచ్చాయి. ఎల్‌ఈడీ బల్బు అడుగున డ్రైవర్ అనే చిన్న సర్క్యూటు ఉంటుంది. బయట వోల్టేజి ఎంత ఊగినా లోపలి ఎల్‌ఈడీకి ఒకే స్థాయిలో కరెంటు ఇవ్వడమే దాని పని. రాత్రి ఎనిమిదింటికి వోల్టేజి పడిపోయినా ఆ బల్బు మసకబారకపోవడానికి కారణం అదే, అది దాని మంచితనం. డిమ్మర్ వచ్చి కరెంటును కోసినప్పుడు ఆ డ్రైవర్ పాత పద్ధతిలోనే వెలుగును నిలబెట్టాలని చూస్తుంది. ఒక హద్దు దాటాక నిలబెట్టలేక మిణుకుమంటుంది, లేదా ఠక్కున ఆరిపోతుంది, లేదా జుయ్‌మని మోగుతుంది. అది డిమ్మర్ తప్పు కాదు, బల్బు తప్పూ కాదు. జత కుదరలేదంతే. అట్ట మీద డిమ్మబుల్ అని రాసి ఉన్న బల్బే కొనండి. దానికి ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ అయితే ఎక్కువసార్లు కుదురుతుంది. అంతకన్నా నమ్మకమైన పని ఒకటుంది. మీరు కొనబోయే బల్బును, మీరు కొనబోయే డిమ్మర్‌కే షాపులో తగిలించి, అడుగు స్థాయికి దించి, రెండు నిమిషాలు చూడండి.

డిమ్మర్ మీద రాసి ఉండే వాట్లు కూడా జాగ్రత్తగా చదవాలి. ఫిలమెంటు బల్బుకి ఒక అంకె, ఎల్‌ఈడీకి బాగా తక్కువ అంకె ఉంటుంది. 400 వాట్లు అని పెద్ద అక్షరాల్లో చూసి, నలభై ఎల్‌ఈడీలు తగిలించవచ్చనుకోకూడదు. స్విచ్ వేసిన క్షణంలో డ్రైవర్ల లోపలి కెపాసిటర్లన్నీ, స్టాండులో బస్సు ఆగగానే జనం తోసుకుని ఎక్కినట్టు, ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. ఆ తోపులాటను డిమ్మర్ తట్టుకోవాలి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. కొన్ని డిమ్మర్లకి కనీసం ఇన్ని వాట్లు ఉండాలన్న షరతు ఉంటుంది. అలాంటి దానికి ఒక్క 9 వాట్ల బల్బు తగిలిస్తే అది నిలకడగా పనిచేయదు.

కరెంటు బిల్లు తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. లెక్క మీరే చూడండి. 9 వాట్ల బల్బును రోజూ 4 గంటలు సగం కరెంటుతో వెలిగిస్తే ఆదా అయ్యేది 18 వాట్-గంటలు. స్మార్ట్ డిమ్మర్ ఫోన్ పిలుపు కోసం ఎదురుచూస్తూ, లైటు ఆపినా, తాను అర వాటు తాగుతూనే ఉంటుందనుకుందాం. రోజుకి 12 వాట్-గంటలు. మిగిలింది 6. సంవత్సరానికి రెండు యూనిట్ల పైచిల్లర. దాని కోసం డిమ్మర్ కొననక్కర్లేదు. కొనాల్సిన కారణం వేరు. రాత్రి లేచి బాత్రూముకి వెళ్ళే పెద్దవాళ్ళ కంట్లో వెలుగు కొట్టకూడదు, అలాగని చీకట్లో కాలు తడబడకూడదు. పసిపిల్లకి పాలు పట్టేటప్పుడు గదంతా పగలు కాకూడదు. మన కన్ను చీకటికి అలవాటుపడే తీరు చిత్రమైనది. వెలుగును పదో వంతుకి దించినా, కంటికి అది మూడో వంతు ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే ఆ అడుగు స్థాయి దగ్గర మిణుకు లేకుండా నిలబడే డిమ్మరే మంచి డిమ్మర్. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

ఇక బోర్డు లోపలికి వెళదాం. మామూలు స్విచ్‌కి రెండు వైర్లు చాలు. ఒకటి ఫేజ్ తెస్తుంది, ఒకటి బల్బుకి తీసుకెళుతుంది. న్యూట్రల్ నేరుగా బల్బు హోల్డర్‌కే వెళుతుంది, స్విచ్‌తో దానికి పని లేదు. స్మార్ట్ డిమ్మర్ అలా కాదు. దాని లోపలున్న రేడియో ఎప్పుడూ మెలకువగా ఉండాలి కాబట్టి దానికీ న్యూట్రల్ కావాలి. మన ఇళ్ళలో ఒక వెసులుబాటు ఉంది. చాలా బోర్డుల్లో స్విచ్‌ల పక్కనే ప్లగ్ సాకెట్ ఉంటుంది. సాకెట్ ఉందంటే అక్కడికి న్యూట్రల్ వచ్చినట్టే. స్విచ్‌లు మాత్రమే ఉన్న చిన్న బోర్డులోనైతే ఎక్కువగా ఉండదు. న్యూట్రల్ అక్కర్లేని డిమ్మర్లు కూడా అమ్ముతారు. అవి లైటు ఆపి ఉన్నా బల్బు గుండానే కాస్త కరెంటు లాగి బతుకుతాయి. ఆ కాస్త కరెంటుకే ఎల్‌ఈడీ ఒక్కోసారి అర్ధరాత్రి మసగ్గా వెలుగుతుంది. అలాంటప్పుడు బల్బుకి సమాంతరంగా బైపాస్ కెపాసిటర్ పెట్టాల్సి వస్తుంది.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన అలవాటు గురించి చెప్పాలి. న్యూట్రల్ దొరకలేదని, పక్కనే ఉన్న ఆకుపచ్చ ఎర్త్ వైరును డిమ్మర్ న్యూట్రల్‌కి కలిపిన బోర్డులు నేను చూశాను. డిమ్మర్ చక్కగా పనిచేస్తుంది. అది లాగేది కొద్ది మిల్లీఆంపియర్లే కాబట్టి లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా వెంటనే పడకపోవచ్చు. అందుకే తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. ఏదో ఒక రోజు ఎర్త్ వైరు ఎక్కడో వదులైనప్పుడు, దానికి కలిసి ఉన్న ఫ్రిజ్జు, గ్రైండరు, గీజరు లోహపు భాగాలకి ఆ డిమ్మర్ గుండా ఫేజ్ చేరుతుంది. ఎర్త్ ఉన్నది ప్రాణం కాపాడటానికి. దాన్ని రోజూ కరెంటు మోసే వైరుగా వాడటం ఎవరు చేసినా ఒప్పుకోకండి. చేసినవాడు ఎంత అనుభవం ఉన్న మేస్త్రీ అయినా సరే.

ఏ పని ఎవరు చేయాలన్నదానికి 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఒక గీత గీశారు. సామర్థ్యం, స్వభావం మారకుండా లైటు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చుకోవడం వరకు మినహాయించి, మిగతా వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలన్నారు. కొత్తగా న్యూట్రల్ లాగడం స్విచ్ మార్చడం కాదు, వైరింగ్ మార్చడం. దానికి లైసెన్సున్న మనిషినే పిలవండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా వినండి. మెయిన్ దించాం కాబట్టి కరెంటు లేదనుకుని బోర్డు విప్పుతారు. మెయిన్ దించిన మరుక్షణమే ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకీ కరెంటు ఇచ్చేస్తుంది. ఆ పనికే దాన్ని కొన్నాం మరి. కాబట్టి మెయిన్ దించాలి, ఇన్వర్టర్ కూడా ఆపాలి. ఒక్కటి ఆపితే చాలదు. ఆ తర్వాత కూడా టెస్టర్‌ను గుడ్డిగా నమ్మొద్దు. కరెంటు ఉందని తెలిసిన చోట ముందు పెట్టి వెలుగుతుందో లేదో చూడండి, తర్వాత విప్పిన వైరుకి పెట్టండి, మళ్ళీ కరెంటున్న చోట పెట్టి చూడండి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే అప్పుడు తెలుస్తుంది. వైరు రంగును బట్టి తేల్చేయకండి. పాత ఇళ్ళలో చేతికి దొరికిన రంగు వైరునే వాడేసినవాళ్ళున్నారు. ఇంకో సంగతి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద డిమ్మర్లు సరిగ్గా నడవవు, మోగుతాయి, వేడెక్కుతాయి. సైన్ వేవ్ ఉంటేనే డిమ్మర్ ఆలోచన చేయండి.

ఫ్యాన్‌కి లైటు డిమ్మర్ పెట్టొద్దు, మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకైతే మామూలు రెగ్యులేటరు కూడా పనికిరాదు. మెట్ల దగ్గర కిందొకటి, పైనొకటి ఉండే టూ-వే స్విచ్‌లలో ఒకటి మాత్రమే తీసి డిమ్మర్ పెడితే రెండోది పనిచేయకుండా పోవచ్చు. దానికి జోడీగా అదే కంపెనీ ఇచ్చే రెండో స్విచ్ అడిగి తీసుకోండి. గోడలో ఉన్న డబ్బా లోతు కూడా కొలవండి. వైర్లను కుక్కి పలక బిగిస్తే జాయింట్లు వదులవుతాయి, వదులైన జాయింటే నిప్పుకి మూలం.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఎక్కువ డిమ్మర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి. ఇంటర్‌నెట్ లేకపోయినా గోడ మీద నొక్కితే వెలిగేదే కొనండి. ఇంట్లో ఫోన్ వాడని పెద్దమ్మకి కూడా లైటు చేతికందాలి. పెట్టించిన రోజే సెట్టింగుల్లో కరెంటు పోయి వచ్చాక లైటు ఏ స్థితిలో ఉండాలో చూసి, ఆఫ్‌లో గానీ, పోయే ముందున్న స్థాయిలో గానీ పెట్టండి. లేకపోతే రాత్రి రెండింటికి కరెంటు వచ్చినప్పుడు పడకగదిలో లైటు నిండుగా వెలుగుతుంది.

మీ ఇంటి బోర్డు ఫొటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే ముందుకు తీసుకురండి. సాకెట్ ఉందా, బోర్డులో ఎన్ని మాడ్యూళ్ళ (స్విచ్ గళ్ళ) చోటుంది, బల్బు ఏది, ఇన్వర్టర్ ఏ రకం, ఈ నాలుగూ చెబితే మీ ఇంటికి ఏది నప్పుతుందో ఇక్కడే చూసి చెబుతాను.