పెంపుడు కుక్కకు ఇంటి శుశ్రూష
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు - ఇన్ని సమస్యల మధ్య కుక్కకు స్నానం చేయించడంపై ప్రసంగమేమిటని ఇందాక టీ దగ్గర కొందరు మిత్రులు నవ్వారు. సుమతీ శతకంలో శునకాన్ని సింహాసనం మీద కూర్చోబెట్టిన పద్యాన్ని మనమంతా చిన్నప్పుడు అప్పజెప్పినవాళ్ళమే. సింహాసనం సంగతి ఎలా ఉన్నా, ఈనాడు మనలో చాలామంది ఇళ్ళలో అది సోఫా మీద కూర్చుంటోంది. దాన్ని కూర్చోబెట్టింది మనం కాదు, మన పిల్లలు. వాళ్ళు ముచ్చటపడి తెచ్చుకున్నారు. ఉద్యోగాలొచ్చి బెంగుళూరుకో, అమెరికాకో వెళ్ళారు. కుక్క మనకు మిగిలింది.

మా ఇంట్లోనూ అంతే. మా అమ్మాయి తెచ్చిన తెల్ల బొచ్చుకుక్క రోజీ, ఆమె వివాహమై విదేశం వెళ్ళాక మా దంపతుల పాలబడింది. మన వైపు అందరూ పామరేనియన్ అని పిలిచే ఈ జాతిలో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. ఒళ్ళంతా రెండు పొరల బొచ్చు. మా ఊళ్ళో ఒక దుకాణంలో స్నానం, కత్తిరింపు కలిపి వెయ్యి రూపాయలు తీసుకున్నారు. ఎండాకాలం కదా అని మమ్మల్ని అడగకుండానే ఒళ్ళంతా నున్నగా గొరిగి పంపారు. ఆ బొచ్చు సరిగా తిరిగి రావడానికి ఏడాది పైగా పట్టింది. ఆ తరువాత మా పశువైద్యుని వద్ద అడిగి తెలుసుకుని ఈ పని మేమే చేసుకున్నాం. అందులో ఉపయోగపడే విషయాలు మీ ముందుంచుతాను.

మొదట చెప్పవలసింది దువ్వడం గురించి. దుకాణాల వారు స్నానానికి ప్రాధాన్యమిస్తారు గాని, అసలు పని దువ్వెనదే. పొడవు బొచ్చున్న కుక్కను రోజూ, పొట్టి బొచ్చున్న లాబ్రడార్‌ను, మన రాజపాళయం వంటి దేశవాళీ జాతులను వారానికి రెండుసార్లు దువ్వితే చాలు. బొచ్చు కుక్కకు సన్నతీగల బ్రష్షూ, స్టీలు దువ్వెనా కావాలి. పొట్టి బొచ్చుకు రబ్బరు బ్రష్షు సరిపోతుంది. పైపైన దువ్వితే ప్రయోజనం లేదు. బొచ్చును ఒక చేత్తో పైకెత్తి, చర్మం కనిపించేలా పాయలు తీసి దువ్వాలి. చెవుల వెనుక, చంకల్లో, తొడల వెనుక ఉండలు కడుతుంది. వాటిని వేళ్ళతో మెల్లగా విడదీయాలి. కత్తెరతో తీయబోతే చర్మం తెగుతుంది, ఎందుకంటే ఉండ చర్మాన్ని కూడా పైకి లాగి పట్టుకుంటుంది. ఉండలున్నప్పుడు స్నానం చేయించరాదు. తడిస్తే మరింత బిగుసుకుంటాయి.

వేసవిలో బొచ్చు గొరిగితే కుక్కకు చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. మనలాగా దానికి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే ప్రధానంగా వేడిని తగ్గించుకుంటుంది. రెండు పొరల బొచ్చు ఎండనుంచి చర్మాన్ని కాపాడుతుంది. రాలిన లోపలి బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. చేయవలసింది అంతే.

ఇక స్నానం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నెలకొకసారి, మురికైతే ఇంకోసారి సరిపోతుంది. వారం వారం చేయిస్తే చర్మం ఎండిపోయి దురదలు మొదలవుతాయి. మన సబ్బులూ షాంపూలూ దానికి పనికిరావు. మన చర్మానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, కుక్క చర్మం అంతకంటే తటస్థంగా ఉంటుంది. కుక్కల షాంపూయే కొనండి. ఫినాయిలు నీళ్ళు, కిరోసిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అవి చర్మం గుండా, నాకడం ద్వారా ఒంట్లోకి చేరి విషమవుతాయి.

ఈ వయసులో మనకు కుక్క స్నానం కంటే మన కాలు జారడం పెద్ద ప్రమాదం. కనుక రెండు గోనెసంచులు తీసుకోండి. ఒకటి కుక్క కాళ్ళ కింద, ఒకటి మన కాళ్ళ కింద పరవండి. నేల గట్టిగా పట్టు దొరికితే కుక్క కూడా బెదరదు. వంగి చేయకుండా స్టూలు మీద కూర్చోండి. చిన్న కుక్కయితే నడుమెత్తున్న బల్ల మీద నిలబెట్టండి, ఒకరు పట్టుకోవలసిందే. గోరువెచ్చని నీళ్ళు మగ్గుతో కాళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి పోయాలి. తల చివర, అదీ తడిగుడ్డతో తుడిస్తే చాలు. చెవుల్లో కొద్దిగా దూది పెట్టి, స్నానం కాగానే మరచిపోకుండా తీసేయాలి. షాంపూ నురగ మిగలకుండా కడగాలి. తరువాత తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో లోపలి బొచ్చు తడిగా ఉండిపోతే రెండు మూడు రోజుల్లోనే చర్మం ఎర్రబడి పుండవుతుంది.

గోళ్ళు తీయడానికి అందరూ భయపడతారు. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్ల గోళ్ళలో అది గులాబీ రంగులో కనిపిస్తుంది, దానికి కొంచెం ఇవతలే ఆపాలి. నల్ల గోళ్ళలో కనిపించదు. అందుకని కొసలు మాత్రం పలుచగా, కొద్దికొద్దిగా తీయాలి. కోసిన చోట మధ్యలో నల్లని చుక్క కనబడితే అక్కడితో చాలు. ఒకవేళ రక్తం వస్తే కంగారుపడక, పటికపొడిగాని మొక్కజొన్న పిండిగాని అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి. కాలి లోపలి పక్క, నేలకు తగలకుండా పైన ఒక గోరు ఉంటుంది. అది అరగదు. పెరిగి వంకర తిరిగి మాంసంలోకి దిగుతుంది. దాన్ని నెలనెలా చూడండి.

చెవుల లోపల పుల్ల, ఇయర్ బడ్ పెట్టవద్దు. వైద్యుడు ఇచ్చిన చెవి మందుతో దూది తడిపి, కంటికి కనిపించేంత మేరకే తుడవాలి. చెవుల నుంచి దుర్వాసన, గోధుమరంగు గుల్ల, తల విదిలింపు ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల కుక్కలకు ఇది ఎక్కువ. 2003లో ఒక టెలిఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక ఇంటింటికీ వచ్చిన పగ్ కుక్కకు ముఖం మీది ముడతలను రోజూ తుడిచి ఆరబెట్టాలి. పళ్ళు తోమేటప్పుడు మన పేస్టు వాడరాదు. అది ఉమ్మడం దానికి తెలియదు, మింగుతుంది. కొన్ని పేస్టులలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది - పిడుదులు. కొన్ని ప్రాంతాలలో గోమార్లంటారు. ఈ పురుగు కుక్క రక్తం తాగి, కిందపడి, గోడ పగుళ్ళలో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. ఆహారం లేకుండా నెలల తరబడి బతకగలదు. కనుక కుక్క ఒళ్ళు ఒక్కటే కాదు, అది పడుకునే చోటూ, గోడల పగుళ్ళూ చూడాలి. ఈ పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం కుక్క ప్రాణం తీయగలదు. తిండి మానడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వైద్యునికి చూపించండి. తొలిదశలో పట్టుకుంటే మందుంది.

రోజూ దువ్వేటప్పుడు చెవి రెక్కలు, కాలివేళ్ళ సందులు, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడండి. పిడుదు దొరికితే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, చిన్న పటకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చవద్దు, వేళ్ళతో నలపవద్దు. స్పిరిటు సీసాలో వేయండి. నివారణ మాత్రలు, మెడ మీద వేసే చుక్కలు ఉన్నాయి. అవి కుక్క బరువును బట్టి వైద్యుడు రాసినవే వాడాలి. పొలానికో, గేదెలకో తెచ్చిన మందు అంచనాగా కలిపి పోయడం వల్ల కుక్కలు చనిపోతాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. కుక్కకు వాడే కొన్ని పిడుదుల మందులు పిల్లిని చంపేస్తాయి.

ఈ పనులేవీ ఒక్కరోజున మొదలుపెట్టకండి. మొదటి వారం కేవలం పాదాలు పట్టుకోవడం, చెవి ఎత్తడం, ఒక ఉడికిన కోడిగుడ్డు ముక్క పెట్టడం, అంతే. ప్రసాదంలోని ఎండుద్రాక్ష మాత్రం పెట్టకండి, ద్రాక్ష ఏ రూపంలోనైనా కుక్క మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అది గుర్రుమంటే కొట్టకండి. నొప్పిగా ఉందనో, భయంగా ఉందనో దాని భాషలో చెబుతోంది. ఆపి మరునాడు చేయండి. ఏటేటా రేబిస్ టీకా వేయించండి. జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేయడం పరిపాటి. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొట్టమొదటి రేబిస్ టీకా ఇప్పించాడు. ఏ కుక్క పన్ను గాని గోరు గాని గీరుకున్నా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ జబ్బు లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. రోజీకి పదో ఏట, ఒకనాడు పొట్ట దువ్వుతుండగా మా శ్రీమతి వేలికి చనుమొన పక్కన శనగగింజంత గడ్డ తగిలింది. పైకి కనిపించేది కాదు. కుక్క హుషారుగానే ఉంది. వైద్యుడు చూసి, వారంలోపే ఆపరేషను చేసి తీసేశారు. పెరగనిచ్చి ఉంటే ఊపిరితిత్తులకు పాకే జాతి గడ్డ అన్నారు. ఆ తరువాత మూడున్నరేళ్ళు మాతో ఉంది. నెలకోసారి చూసే దుకాణం వారి చేతికి ఆ గింజ తగిలేదో లేదో చెప్పలేను. రోజూ తడిమే చేతికి తగిలింది.

ఇంకొక మాట. అమెరికాలో ఉన్న మనుమరాళ్ళకు జడలు వేసే భాగ్యం మనకెలాగూ లేదు, దీని తలైనా దువ్వుదాం అనేది మా శ్రీమతి. సాయంత్రం నాలుగింటికి మెట్ల మీద కూర్చుని దువ్వే ఆ అరగంటలో ఆమె మోకాళ్ళ నొప్పుల మాట ఎత్తేది కాదు. నేను దినపత్రిక పక్కన పెట్టేవాణ్ణి. కుక్కకు మేమెంత చేశామో, అదీ మాకంత చేసింది.

చివరగా సభ్యులకు ఒక మనవి. కుక్క ముసలిదైందని, బొచ్చు రాలుతోందని, వాసన వస్తోందని ఊరి చివర వదిలి వచ్చేవాళ్ళున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అలా దిక్కులేకుండా వదిలేయడం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ వాసనలో ఎక్కువ భాగం చెవులదీ, పళ్ళదీ, తడి బొచ్చుదీ. ఒక దువ్వెన, ఒక తువ్వాలు, ఒకసారి వైద్యుని సలహా - వీటితో పోయే వాసన కోసం పదేళ్ళు మన గుమ్మం కాచిన ప్రాణిని రోడ్డు మీద వదలవచ్చునా? వయసైపోయిందని పక్కకు తప్పించడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

కాలనీలో కుక్కలున్న సభ్యులు ఇద్దరిద్దరు జతగా ఏర్పడండి. ఒకరు పట్టుకుంటే ఒకరు గోళ్ళు తీయవచ్చు. ఒకరు పిల్లల దగ్గరకు విదేశం వెళ్తే రెండోవారు కుక్కను చూసుకోవచ్చు. అలవాటైన చేతిలో దానికి బెంగ తక్కువ. ఎవరికైనా చేసి చూపించవలసి వస్తే కబురు పెట్టండి, దువ్వెన తీసుకుని నేనే వస్తాను.